కొమ్ము విరిచి చూశారా?

రండి, జర ఇట్ల మంట దగ్గరికి జరిగి కూర్చోండి. సంక్రాంతి దాటిందంటే ఆర్మూరు చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా పసుపు పనే. తవ్వేవాళ్లు తవ్వుతుంటే, ఉడకబెట్టేవాళ్లు ఉడకబెడుతుంటారు. వెనకట కడాయి కింద ఎండిన పసుపాకు మంట పెట్టేవాళ్లు, ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చాయి. ఏదైనా సరే, రాత్రిపూట వేడి పక్కన నలుగురు చేరితే నోళ్లు ఊరుకోవు. ఒకరు ధర గురించి, ఒకరు దుబాయిలో ఉన్న కొడుకు గురించి, ఇంకొకరు పాత ఎలక్షన్ల గురించి.

2019 ముచ్చట మీకు యాదికుండే ఉంటుంది. నిజామాబాద్ లోక్‌సభ సీటుకు 185 మంది పోటీపడితే అందులో 178 మంది రైతులే. పసుపు బోర్డు కావాలి, పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలి అని నిలబడ్డారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలు వరసగా పెట్టాల్సి వచ్చింది. ఢిల్లీ దాకా దేశమంతా ఇటు తిరిగి చూసింది. సర్కారుకే జంకని ఈ జనం, 'మీ ఖాతా ఈ రాత్రికి బంద్' అని ఫోన్లో రెండు లైన్లు కనబడగానే ఎందుకు గాబరా పడతారో నాకు అర్థం కాదు.

నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కుప్ప పోశాక ఖరీదుదారు ఏం చేస్తాడు? ఓ కొమ్ము తీసుకుని పుటుక్కున విరుస్తాడు. లోపలి రంగు చూస్తాడు, వాసన చూస్తాడు, ఎండిందా పచ్చిగా ఉందా అని చూస్తాడు. పైన పాలిష్ ఎంత నిగనిగలాడినా, విరవకుండా ఎవడూ ధర చెప్పడు. బ్యాంకు పేరుతో వచ్చే దొంగ మెయిల్ కూడా అంతే. లోగో, రంగులు, కింద మేనేజర్ సంతకం, ఇదంతా పాలిష్. ఏ పోరడైనా పది నిమిషాల్లో పట్టేస్తాడు. మనం విరిచి చూడాల్సింది రెండే: ఎక్కడి నుంచి వచ్చింది, ఏం అడుగుతోంది.

'మాకు ఈమెయిల్ ఎక్కడిదయ్యా, అదంతా పట్నపోళ్ల వ్యవహారం' అంటారేమో. మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనే కదా? అయితే దాంట్లో ఎవరో ఒకరు జీమెయిల్ పెట్టే ఉంటారు. కొన్నరోజు దుకాణంలో పిల్లగాడో, మనవడో పెట్టి ఉంటాడు. బ్యాంకు ఫారంలో అదే రాసి ఉంటారు. మీరు తెరవకపోవచ్చు, అది మాత్రం తెరిచే ఉంది. ముందు ఆ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసో కనుక్కుని మార్చేయండి, తర్వాత మిగతా కబుర్లు.

సరే, ఒక నమూనా మెయిల్ తీసుకుందాం. 'డియర్ కస్టమర్, మీ కేవైసీ గడువు తీరిపోయింది. ఈరోజు రాత్రి మీ ఖాతా నిలిపివేయబడుతుంది. ఆలస్యం చేయకుండా కింది లింకు నొక్కి అప్‌డేట్ చేసుకోండి. ఇట్లు, బ్రాంచి మేనేజర్.'

'డియర్ కస్టమర్' దగ్గరే ఆగుదాం. మన బ్యాంకుకు మన పేరు తెలుసు కదా, పేరు లేకుండా పిలిచిందంటే ఆలోచించాలి. అలాగని పేరు రాసి ఉంటే అసలుదని నమ్మేయొద్దు. మన పేర్లు, ఫోన్ నంబర్లు ఎప్పుడో బజారున పడ్డాయి.

తర్వాత 'ఈరోజు రాత్రి'. అసలు గుట్టు ఇక్కడే ఉంది. రిజర్వు బ్యాంకు లెక్కలో మామూలు ఖాతాదారుకు కేవైసీ పదేళ్లకోసారి, కొంచెం రిస్కు ఉన్నవాళ్లకు ఎనిమిదేళ్లకోసారి, మరీ ఎక్కువ రిస్కు అనుకున్నవాళ్లకు రెండేళ్లకోసారి. గడువు రాకముందే బ్యాంకు కనీసం మూడుసార్లు చెప్పాలి, అందులో ఒకటైనా ఉత్తరం రూపంలో ఉండాలి అని 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు రూలు పెట్టింది. అంటే పోస్టుమ్యాన్ తలుపు తట్టకుండా, రాత్రికి రాత్రే బంద్ చేసే బ్యాంకు ఉండదన్నమాట. తొందర పెట్టేవాడికి కావాల్సింది మన సంతకం కాదు, మన గాబరా.

ఇక పంపినవాడెవడు? పైన కనబడే పేరు ఎవడికి నచ్చింది వాడు పెట్టుకోవచ్చు. ఆ పేరు మీద నొక్కితే అసలు అడ్రసు బయటపడుతుంది. బ్యాంకు మేనేజరుగారు మామూలు జీమెయిల్ నుంచి రాశారంటే ఇక చదవక్కర్లేదు. అడ్రసు సరిగ్గానే కనబడ్డా పూర్తిగా నమ్మలేం, దాన్ని కూడా నకలు చేసే విద్య ఉంది.

లింకు సంగతి చూద్దాం. నొక్కి వదలకండి, వేలు అలాగే పెట్టి ఉంచండి. అది ఎక్కడికి తీసుకుపోతుందో తెరమీద కనబడుతుంది. దాంట్లో 'https://' తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/) దాకా ఉన్న భాగాన్ని చివరి నుంచి చదవాలి. మొదట ఎస్‌బీఐ అని ఉన్నా, మధ్యలో బ్యాంక్ అని ఉన్నా, దొంగ తన అసలు పేరు చివర్న పెట్టుకుంటాడు.

ఈ విషయంలో మనకో మంచి గుర్తు దొరికింది. బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' కిందికి తెచ్చుకోవాలని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ 22న ఆదేశించింది, అక్టోబరు 31 దాకా గడువిచ్చింది. ఈ పేర్లు ఇచ్చే ఏకైక సంస్థ ఎక్కడుందనుకున్నారు? మన హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో. దాని పేరు ఐడీఆర్‌బీటీ, రిజర్వు బ్యాంకు 1996లో పెట్టింది. బ్యాంకు కానివాడికి ఆ పేరు ఇవ్వరు. కాబట్టి ఆ ఏటవాలు గీతకు ముందున్న భాగం 'ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ముగిస్తే సరే. కానీ కళ్లద్దాలు పెట్టుకుని చూడండి: మొదటి డాట్ ఉండాల్సిన చోట చిన్న అడ్డగీత ఉంటే అది వేరే ఇల్లు. డాట్ ఇన్ తర్వాత మళ్లీ డాట్ పెట్టి ఇంకేదో ఉంటే అదీ వేరే ఇల్లే. ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్‌లా కనబడుతుంది. దొంగలకు ఈ కిటుకులన్నీ కంఠస్థం.

అడ్రసు పక్కన తాళం బొమ్మ ఉంది కదా అంటారేమో. ఆ తాళానికి అర్థం దారిలో ఎవరూ తొంగిచూడరని మాత్రమే, అవతల ఉన్నవాడు మంచోడని కాదు. దొంగ కూడా తాళం వేసుకుంటాడు. అక్షర దోషాలుంటే నకిలీ అనుకునే రోజులు కూడా పోయాయి. ఇప్పుడు ఏఐతో రాయిస్తున్నారు, మన పిల్లల కంటే మంచి తెలుగు రాస్తోంది.

ఇదంతా మెయిల్ ముచ్చట. మన రైతులకు దెబ్బ తగిలేది ఎక్కువగా వాట్సాప్‌లో. 2024 జూలై 18న రాష్ట్ర ప్రభుత్వం రుణమాఫీ మొదలుపెట్టింది. ముందు లక్ష దాకా, జూలై 30న లక్షన్నర దాకా, ఆగస్టు 15న రెండు లక్షల దాకా. నాకెప్పుడు పడుతుందని ఊరంతా ఫోన్లు పట్టుకుని చూస్తున్న రోజులవి. సరిగ్గా అప్పుడే దొంగలు దిగారు. బ్యాంకు పేరు, బ్యాంకు లోగో ప్రొఫైల్ ఫొటోగా పెట్టుకుని ఏపీకే ఫైళ్లు పంపుతున్నారు, తెరవొద్దని తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో రైతులను హెచ్చరించాల్సి వచ్చింది. ఏపీకే అంటే ఫోన్లోకి నేరుగా దిగే యాప్. మనం 'అలో' అని నొక్కుతూ పోతే అది మన మెసేజులు చదువుతుంది, ఓటీపీ మన కంటే ముందే వాడికి చేరుతుంది. ఆ వెంటనే అదే ఫైలు మన పేరుతో మన చుట్టాల గ్రూపుల్లోకీ పోవచ్చు. 'మామ పంపాడు కదా' అని అల్లుడు తెరుస్తాడు. మాఫీ అయ్యేది మనకు, సాఫీ అయ్యేది వాడికి!

గల్ఫ్‌లో ఉన్న పిల్లలకు ఈ సంగతి మరీ మరీ చెప్పండి. అబూదాబీలో పనిచేసే ఓ తమిళ ఉద్యోగికి 2007లో బ్యాంకు పేరుతో మెయిల్ వచ్చింది. నమ్మి వివరాలు ఇచ్చాడు, ఇక్కడి ఖాతాలో లక్షలు మాయం. ఊరుకోలేదతను, కేసు వేశాడు. 2010 ఏప్రిల్లో తమిళనాడు ఐటీ కార్యదర్శి విచారించి, బ్యాంకు జాగ్రత్త తీసుకోలేదని, 12.85 లక్షలు కట్టమని తీర్పిచ్చాడు. బ్యాంకు అప్పీలుకు పోయింది, అది మళ్లీ ఏళ్ల తరబడి కథ. గెలిచాడు నిజమే, కానీ అన్నేళ్లు తిరగడం ఎంతమందికి సాధ్యం చెప్పండి.

సేట్లకు, ఎగుమతి చేసేవాళ్లకు ఇంకో రకం గాలం ఉంది. ఏళ్లుగా సరుకు కొంటున్న పార్టీ పేరుతోనే మెయిల్ వస్తుంది: 'మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి పైసలు ఈ కొత్త నంబరుకు వేయండి.' మధ్యలో ఎవడో మెయిల్‌లో దూరి, లెక్కలన్నీ చదివి, సరిగ్గా చెల్లింపు రోజున రాస్తాడు. ఖాతా మారిందని ఎవరు చెప్పినా, మన దగ్గర ముందు నుంచీ ఉన్న పాత నంబరుకు ఫోన్ కొట్టి, గొంతు విని, అప్పుడు వేయండి. ఆ మెయిల్లో ఇచ్చిన నంబరుకు కొడితే దొంగే ఎత్తుతాడు, ఎంతో మర్యాదగా మాట్లాడతాడు.

కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్లో వెతకడమూ అంతే ప్రమాదం. ఏటీఎం కార్డు వెనక రాసి ఉన్న నంబరే నంబరు. బ్యాంకుల సేవా కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలని కూడా ఇప్పుడు నియమం ఉంది. మామూలు పదంకెల నంబరు నుంచి 'బ్యాంకు నుంచి మాట్లాడుతున్నా సార్' అంటే పెట్టేయండి, పాపం తగలదు.

ఇంత చేసినా జరగరానిది జరిగితే? ఇంట్లో తిడతారని దాచుకోవద్దు. దాచిన ఆ గంటలోనే పైసలు నాలుగు ఖాతాలు మారతాయి. వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టించండి. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం మన తప్పు, బ్యాంకు తప్పు ఏదీ లేకుండా బయటివాడి వల్ల పోతే, మూడు పనిదినాల లోపల చెబితే నష్టం మన మీద పడదు. ఓటీపీ, పిన్ మనమే ఇచ్చి ఉంటే మాత్రం, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మన లెక్కలోనే, చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు లెక్కలో. అంటే తప్పు మనదైనప్పుడే ఇంకా తొందరగా చెప్పాలి. పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు. దొరికితే వాడికి ఐటీ చట్టం 66డీ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. దొరకడమే కష్టం.

ఇన్ని గుర్తుపెట్టుకోవడం మావల్ల కాదంటారా? అయితే ఒక్కటి పట్టుకోండి చాలు: బ్యాంకు నుంచి ఏది వచ్చినా దాని లింకు ద్వారా బ్యాంకుకు పోవద్దు. మన యాప్ మనమే తెరవాలి, లేకుంటే నడిచి పోవాలి. మెయిల్ అసలుదే అయినా దీనివల్ల మనకు పోయేదేం లేదు, ఆటో చార్జీ తప్ప. కాబట్టి ఈసారి 'రాత్రికి ఖాతా బంద్' అని ఎవడైనా బెదిరిస్తే జవాబు తేలిక: 'చేసుకో బిడ్డా, పొద్దున పదింటికి నేనే బ్రాంచికొస్తా. నువ్వు కూడా రా, మేనేజరు ముందే మాట్లాడుకుందాం.'