చేతులు కూడా దేవుడిచ్చినవే



గత డిసెంబరులో ఒక ఆదివారము ప్రభువు బల్ల ఆచరిస్తున్నాము. మన ఆదిలాబాదు చలి మీకు తెలిసినదే. ద్రాక్షారసపు గిన్నె అందిస్తుండగా ఒక సహోదరుని వేళ్ల మధ్యనుండి అది జారి నా అంగీమీద ఒలికింది. అతడు సిగ్గుతో తల వంచుకున్నాడు. చూస్తే అతని మూడు వేళ్లు కొసలనుండి సున్నము రాసినట్టు పాలిపోయి ఉన్నాయి.

ఆరాధన ముగిశాక పక్కకు పిలిచి అడిగాను.

"సలికి గిట్లనే తెల్లబడుతయి అయ్యగారూ. సూది గుచ్చినా తెలువది. అంగీ గుండీలు గూడ మా ఇంటామెనే పెడుతది. రాత్రి తిమ్మిర్లతోని నిద్ర రాదు" అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు తమ్మీ?"

"చెట్లు కోసేటోళ్ల చేతులు గిట్లనే ఉంటయి గదా అనుకున్న."

ఆ మాట నన్ను గుచ్చింది. ఎందుకంటే అతని చేతిలోని కోత మిషను నేను చెప్పగా కొన్నదే. 2014లో మూతపడిన కాగజ్‌నగర్ పేపరు మిల్లు 2018లో చేతులు మారి మళ్లీ మొదలైంది. మా వైపు నీలగిరి తోటల కోత పని దొరకసాగింది. అప్పుడతడు కరీంనగర్‌లో ఒక కొత్త మిషను చూసి వచ్చాడు. ధర ఎక్కువ. ఒక కాంట్రాక్టరు దగ్గర పాతది మూడో వంతు ధరకే ఉంది. "అప్పు చేయకు. పాతదాని ఇనుము గట్టిది, ఇంకా పదేళ్లు వస్తుంది" అని నేనే సలహా ఇచ్చాను. మిషను ఎన్నేళ్లు వస్తుందో లెక్క వేశాను గాని, అతని చేతులు ఎన్నేళ్లు వస్తాయో లెక్క వేయలేదు.

అతనిని తీసుకొని పట్నములో డాక్టరుగారి దగ్గరకు వెళ్లాను. మిషను అదురు ఏళ్ల తరబడి చేతుల్లోకి పోతే వేళ్లలోని సన్నని రక్తనాళాలు, నరాలు దెబ్బతింటాయని ఆయన వివరించారు. చలి తగలగానే రక్తము అందక వేళ్లు పాలిపోతాయి. మొదట్లోనే మానుకుంటే కొంత నెమ్మదిస్తుంది. ముదిరిన తిమ్మిరి మాత్రము సాధారణంగా తిరిగి పోదు.

ఇది కొత్త జబ్బు కాదు. 1918లోనే అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ, గాలి సుత్తులతో రాయి చెక్కే పనివారి చేతుల్లో దీనిని పరిశీలించారు. ఫిన్లాండు దేశములో అడవి కూలీలను 1972 నుండి 1990 వరకు పరీక్షిస్తూ వచ్చారు. ఆ కాలములో అక్కడి కోత మిషన్ల అదురు, దానిని కొలిచే లెక్కలో 14 నుండి 2కు తగ్గింది. తెల్లవేళ్ల జబ్బు ఉన్నవారు నూటికి 40 మంది నుండి 5గురికి తగ్గారు. పని అదే, అడవి అదే. చాలా పాత మిషన్లలో పిడిని నేరుగా ఇంజనుకే బిగించేవారు. తరువాతి వాటిలో పిడికీ ఇంజనుకూ మధ్య రబ్బరు దిమ్మలో స్ప్రింగులో ఉండి అదురును మింగుతాయి.

ఐరోపా దేశాలు 2002లో పెట్టిన నియమము ప్రకారము, అదే లెక్కలో అదురు 5 ఉంటే రోజుకు 8 గంటలకు మించి పట్టుకోరాదు. అదురు రెండింతలై 10 అయితే గంటలు సగము కావు, నాలుగో వంతుకు పడిపోతాయి. అంటే 2 గంటలే. మా సహోదరుడు పొద్దున్నుంచి సాయంత్రము దాకా పట్టేవాడు.

ఇప్పుడు అతని కొడుకు ఆ పనిలో దిగాడు. ఏ మిషను కావాలని తండ్రీకొడుకులకు వాదము వచ్చి ఇద్దరూ నా దగ్గరకు వచ్చారు. "పాతది ఏ మెకానికైనా విప్పుతడు, సామాను మంచిర్యాలల్నే దొరుకుతది. కొత్తదాని రబ్బరు అరిగితే కరీంనగర్ ఉరకాలె" అని తండ్రి అన్నాడు. అది అబద్ధము కాదు. కొడుకు మెల్లగా, "బాపూ, నీ చేతులు జూసినంక గూడ గట్లనే అంటవా?" అన్నాడు. తండ్రి మారు మాట్లాడలేదు.

ఈసారి నేను తొందరపడలేదు. కొత్తదే కొనమన్నాను. అయితే కొత్తదన్నంత మాత్రాన మంచిది కాదు. మిషనుతో ఇచ్చే పుస్తకములో అదురు ఎంతో చూసి కొనాలి. అరిగిన రబ్బరు వెంటనే మార్చాలి. బ్యాటరీ మిషన్లకు అదురు సాధారణంగా తక్కువ, కొమ్మలు కోయడానికి బాగుంటాయి గాని దినమంతా తోట కోతకు ఒక్క బ్యాటరీ చాలదు. చైనుకు ఆకురాయి పట్టడము మరువరాదు. మొద్దుబారిన ఇనుముతో బలము ఎక్కువ పెట్టవలసి వస్తుందని ప్రసంగి 10వ అధ్యాయము 10వ వచనములో జ్ఞాని మనకు నేర్పించాడు. మొద్దు చైనుతో అదురు కూడా పెరుగుతుంది. పిడిని అవసరానికి మించి బిగించి పట్టరాదు, చేతులు వెచ్చగా ఉంచుకోవాలి, వంతులు మార్చుకోవాలి. బీడీ రక్తనాళాలను ఇంకా ముడుచుకునేలా చేస్తుంది, కనుక మానాలి.

సొమ్ములో కొంత మా స్త్రీల సమాజము తమ పొదుపులోనుండి వడ్డీ లేకుండా ఇచ్చింది. మిగిలినదానికి తండ్రి ఒక మాట అన్నాడు: "పాతదాన్ని అమ్ముదాం అయ్యగారూ, కొనేటోళ్లున్నరు."

కొత్త ఇల్లు కట్టినవాడు పైనుండి ఎవరూ పడకుండ చుట్టూ పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో దేవుడు ఆజ్ఞ ఇచ్చిన సంగతి వారికి చదివి వినిపించాను. మన ఇంటి మీదనుండి పొరుగువాడు పడితే ఆ నేరము మనదే. తండ్రి చాలాసేపు తన వేళ్లవైపు చూసుకున్నాడు. మరునాడు ఆ మిషనును తానే విప్పి పాత ఇనుము కింద తూకానికి వేశాడు. వచ్చిన డబ్బు కొత్తదాని చైనుకు కూడా చాలలేదు.

ప్రియ సహోదరులారా, మన శరీరము దేవుని ఆలయమని మనము ప్రతి ఆదివారము చెప్పుకుంటాము. కూలివాని చేతులు కూడా ఆ ఆలయములోనివే. పనిముట్టు కొనేటప్పుడు ఎవరైనా మిమ్మును సలహా అడిగితే, నావలె ధర ఒక్కటే చూడకండి. ప్రభువు మన చేతుల పనిని, పనిచేసే చేతులను కాపాడును గాక. ఆమెన్.