పాస్‌పోర్టు అడగని గీతలు

జర్మనీ ప్రయాణం గురించి రాయమని చాలామంది విద్యార్థులు అడిగారు. అక్కడికి చదువుకోడానికి పోవాలనుకుంటున్న మన పల్లె పిల్లలు వాళ్లలో ఎక్కువ. ఈ భాగం వాళ్ల కోసం.

ముందు 1985లో రెండు తేదీలు గుర్తు పెట్టుకోండి. జూన్ 14న లక్సెంబర్గ్ దేశంలో షెంగెన్ అనే చిన్న ఊరి దగ్గర, మోసెల్ నదిలో ఓడ మీద కూర్చుని అయిదు దేశాలు సంతకాలు పెట్టాయి. మన మధ్య సరిహద్దు తనిఖీలు మెల్లగా ఎత్తేద్దాం అనుకున్నాయి. సరిగ్గా 33 రోజులకు, జూలై 17న, అప్పటి మన ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను వెంటాడి చంపారు. స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. గొడవ ఎక్కడ మొదలైంది? తాగే నీళ్ల చెరువు దగ్గర. ఆ నీళ్లను పాడు చేయొద్దన్నందుకు, మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచినందుకు. బతికినవాళ్లు ఊరొదిలి చీరాల చేరారు. అక్కడ దేశాల మధ్య గీతలు చెరుపుతున్నప్పుడు, ఇక్కడ మనవాళ్లు సొంత జిల్లాలోనే కాందిశీకులయ్యారు.

ఇక ప్రయాణం. మా నాయన, అక్క వాళ్ల నాయన కంభం హాస్టల్లో ఒకే ట్రంకుపెట్టె పంచుకుని చదువుకున్నవాళ్లు. ఆ స్నేహం వల్లే ఆమె నాకు అక్క అయింది. ఇప్పుడు జర్మనీలో ఆఖెన్ అనే ఊళ్లో నర్సు. వీసాకు 90 యూరోల ఫీజు, బ్యాంకు లెక్కలు, ఇన్సూరెన్సు, అక్క పంపిన ఆహ్వానం, అన్నీ పెట్టాక పాస్‌పోర్టులో ఒక స్టిక్కరు అంటించారు. ఆ ఒక్క స్టిక్కరుతో 29 దేశాలు తిరగొచ్చు.

ఆఖెన్ నుంచి సిటీ బస్సెక్కితే కాసేపటికే నెదర్లాండ్స్‌లోని వాల్స్. అక్కడి గుట్ట మీద జర్మనీ, నెదర్లాండ్స్, బెల్జియం కలిసేచోట ఒక రాయి పాతారు. అక్క కొడుకు దాని చుట్టూ పరుగెత్తుతూ నిమిషంలో మూడు దేశాలు పదిసార్లు తిరిగొచ్చాడు. "చెక్‌పోస్టు ఏది బావా?" అంటే బావ నవ్వాడు. ఒకప్పుడు అక్కడ నాలుగో ముక్క కూడా ఉండేది. మోరెస్నెట్ అని, 1816 నుంచి 1920 దాకా ఎవరికీ చెందని చిన్న ప్రాంతం. అందులో జింకు గని ఉంది. దాన్ని వదులుకోడానికి ఇటువాళ్లూ ఒప్పుకోలేదు, అటువాళ్లూ ఒప్పుకోలేదు. గీత ఎక్కడుందో అక్కడ కింద ఆస్తి ఉంటుంది మిత్రులారా.

ఇంకో రోజు కార్లో షెంగెన్ పోయొచ్చాం. నాకు అక్కడ బాగా పట్టుకున్న సంగతి ఒకటే. సంతకాలు 1985లో అయినా గేట్లు నిజంగా తెరుచుకున్నది 1995 మార్చి 26న. మధ్యలో పదేళ్లు ఏం చేశారు? ఉమ్మడి వీసా తయారు చేశారు, పోలీసుల సమాచారం ఒకచోటికి తెచ్చారు, ఎవరి బాధ్యత ఏమిటో రాసుకున్నారు. అంటే గీత చెరపడానికి సంతకం చాలదు, దాని వెనక యంత్రాంగం నిలబెట్టాలి. ఆ పని వాళ్లు చేశారు, ఎందుకంటే గీత పోతే అటూ ఇటూ లాభమే.

మన సంగతి చూడండి. అంటరానితనం రద్దు అని 17వ అధికరణం 1950లోనే చెప్పింది. అత్యాచారాల నిరోధక చట్టం రావడానికి 1989 దాకా పట్టింది. అదీ కారంచేడు లాంటి నెత్తుటి మడుగులు దాటాక. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. 23 ఏళ్లు! మా తాత కంభం చెరువు కింద నీరుగంటి. గుండ్లకమ్మ నీళ్లు ఏ చేనికి ఎప్పుడు వదలాలో ఆయనకు తెలుసు. అందరి పొలాలు తడిపిన ఆ చేయి ఊరి బావిలో చేద వేయడానికి లేదు. ఆ గీత వల్ల లాభం ఒక్క పక్కకే. అందుకే దాన్ని చెరపడానికి ఆ పక్కవాళ్లకు తొందర లేదు.

యూరప్ స్వర్గమని నేను చెప్పడం లేదు. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి దగ్గర తనిఖీలు మళ్లీ పెట్టింది. వాల్స్ నుంచి తిరిగొస్తుంటే యూనిఫాం వేసుకున్న ఇద్దరు బస్సెక్కారు. బస్సు నిండా జనం ఉన్నారు. కాగితాలు చూపమన్నది మాత్రం ముగ్గురినే, ముగ్గురమూ నల్లటోళ్లమే. లోపల గీతలు చెరిపినవాళ్లు బయట గోడ ఎత్తు పెంచుకున్నారు. మధ్యధరా సముద్రంలో మునిగిపోతున్నవాళ్లను అడిగితే ఆ గోడ సంగతి చెబుతారు.

అయితే నన్ను బాగా కదిలించిన గీత రోడ్డు మీద లేదు. ఆదివారం అక్కావాళ్లింటికి తెలుగు కుటుంబాలు భోజనానికొచ్చాయి. పులిహోర, చికెన్, కబుర్లు. ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. "కంభంలో ఎక్కడండీ? నాన్నగారికి పొలాలున్నాయా?" అక్కడి నుంచి మెల్లగా, "ఇంతకీ మీరేమిట్లు?" నేను నోరు తెరిచేలోపే వంటగదిలోంచి అక్క గొంతు: "మేం క్రిస్టియన్స్ అండీ." ఆయన "ఓహో" అన్నాడు. ఆ ఓహోలో అన్నీ ఉన్నాయి.

రాత్రి చూశాను. హాల్లో గోడకు మేకు ఉంది, ఫోటో లేదు. బాబాసాహెబ్ ఫోటో పడకగదిలో బీరువా పక్కన ఆనించి ఉంది. అక్క నేల చూస్తూ అంది: "పిల్లోడు వాళ్ల పిల్లలతోనే ఆడుకోవాలి గదా తమ్ముడూ. ఇంతకుముందున్న ఊళ్లో తెలిసినాక పుట్టినరోజులకు పిలవడం మానేసినారు." ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. అయిదేళ్ల పిల్లాడికి మూడు దేశాల మధ్య లేని గీత నాలుగు తెలుగు ఇళ్ల మధ్య ఉంది.

అంబేడ్కర్ కూడా ఆఖెన్‌కు దగ్గరలోనే ఉన్న బాన్ విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకున్నారు. తన అంటరాని అనుభవాలు రాసుకున్న చిన్న పుస్తకానికి పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. విదేశాల్లో ఉన్నన్నాళ్లూ తాను అంటరానివాణ్ణన్న స్పృహే పోయిందని, బరోడా స్టేషన్లో దిగగానే ఎక్కడ తలదాచుకోవాలన్న ప్రశ్న ఎదురైందని అందులో రాశారు. ఆయన కాలంలో ఆ గీత స్టేషన్లో కాచుకుని ఉంది. మన కాలంలో అది మనతోపాటే విమానం ఎక్కుతోంది.

పోబోయే పిల్లలకు నేను చెప్పేది ఇదే. జర్మనీ సమాన ఆదరణ చట్టంలో జాతి, మతం, లింగం, వయసు ఉన్నాయి, కులం అన్న మాట లేదు. మాట లేకపోతే ఫిర్యాదు రాయడం కష్టం. అమెరికాలో బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తమ నిబంధనల్లో కులాన్ని చేర్చాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం ఏకంగా చట్టమే చేసింది. అవేవీ వాటంతట అవి రాలేదు. మనలాంటి పిల్లలు అర్జీలు రాసి, సమావేశాల్లో నిలబడి, తమకు జరిగింది చెప్పుకుంటే వచ్చాయి. మీరు చేరే యూనివర్సిటీ నిబంధనలు మొదటి వారమే చదవండి. కులం లేకపోతే ఎందుకు లేదని అడగండి. ఒక్కరే అడగొద్దు, తోడు వెతుక్కుని అడగండి. అప్పుడే అక్క లాంటివాళ్ల ఇళ్లలో ఫోటో ఎక్కడ పెట్టాలో వాళ్లే నిర్ణయించుకుంటారు, వచ్చే చుట్టాలు కాదు.

సంతకం 1950లోనే అయింది. పని మిగిలింది.

జై భీమ్.