పలక తుడిచాక

మొన్న ఈద్‌కి మార్కాపురం వెళ్లినప్పుడు గిద్దలూరు నుంచి మా ఆపా కూతురు కూడా వచ్చింది. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం.

"మామూ, జావా జెనరిక్స్‌లో ఒక సవాల్. కంపైలర్‌కి టైప్ చెప్పమంటారు. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఆ టైపే ఉండదంటారు. మరి చెప్పడమెందుకు?" అంది.

వంటింట్లో అమ్మీ డబ్బాలు చూపించా. "లిస్ట్<టీ>లో టీ అంటే ఖాళీ చీటీ బేటా. డబ్బా చేసినవాడికి అందులో ఏం పోస్తారో తెలీదు. వాడేవాళ్లు చీటీ రాస్తారు. లిస్ట్<స్ట్రింగ్> అని రాస్తే అందులో నంబర్ వేయబోయినా కంపైలర్ చేయి పట్టుకుంటుంది."

మా అబ్బా పలకల ఫ్యాక్టరీలో పని చేసేవారు. ఇంట్లో పలకలకి కరువు లేదు. అమ్మీ అలిఫ్, బే రాయించి, సరిగ్గా ఉందని చూశాకే తుడిచేది. కంపైలర్‌దీ అదే పద్ధతి. అంతా సరిచూసి, చీటీ చెరిపేస్తుంది. నడిచేటప్పుడు లిస్ట్<స్ట్రింగ్> అయినా లిస్ట్<ఇంటిజర్> అయినా వట్టి లిస్టే. 2004లో జావా 5తో జెనరిక్స్ వచ్చేనాటికే లోకమంతా పాత కోడ్ ఉంది. అది ఆగిపోకూడదని ఈ ఇంతెజామ్.

తర్వాత ఎవరికీ చెప్పని నా గల్తీ చెప్పాను. మొదటి నౌకరీలో జీతాల హిసాబ్ ప్రోగ్రామ్ నాది. స్ట్రింగ్‌లుండాల్సిన లిస్ట్‌ని, చీటీ లేని పాత లిస్ట్‌గా మార్చి, అందులో నంబర్ వేశాను. కంపైలర్ హెచ్చరించింది. సప్రెస్‌వార్నింగ్స్ అని రాసి దాని నోరు మూశాను. నెలాఖరున క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్! అందరి జీతాలూ రెండు రోజులు ఆగాయి.

అసలు బాధ అది కాదు. తప్పు వేసిన చోట ఏమీ పగలలేదు, తీసి చదివిన చోట పగిలింది. చదివే లైన్ రాసింది ఒక కొత్త కుర్రాడు. తిట్లన్నీ వాడే తిన్నాడు. నేను ఖామోష్‌గా కూర్చున్నా. జొహర్ నమాజ్‌లో సజ్దా చేస్తే నుదురు ఆనింది గానీ దిల్ ఆనలేదు. లేచి వెళ్లి మేనేజర్‌తో, ఆ కుర్రాడి ముందే, గల్తీ నాదని ఒప్పుకున్నాను.

"టైప్ రాయడమంటే వాదా చేయడం బేటా. చీటీ చెరిగినా వాదా చెరగదు. మనం తప్పితే, నమ్మినవాడి చేతిలో పగులుతుంది."

పిల్ల ఏమీ అనలేదు. లాప్‌టాప్ తెరిచి తన ప్రాజెక్టులో సప్రెస్‌వార్నింగ్స్ అన్నీ తీసేసింది. పదకొండు హెచ్చరికలు వచ్చాయి. ఒక్కొక్కటే సరిచేస్తూ కూర్చుంది. అమ్మీ చాయ్‌కి రెండుసార్లు పిలిచినా లేవలేదు.