కాళేశ్వర సంగమమున నొక దినము

పుష్యమాసపు చలిలో మూడు దినములు పడవపై విహరింపవలెనని కాళేశ్వరము చేరితిమి. తోడికోడండ్ర మిద్దఱమును, మా అత్తగారును, పిల్లలును. ఈ క్షేత్రము పూర్వపు కరీంనగరము జిల్లాలోనిది. 2016లో జిల్లాలు విభజింపబడినప్పుడు భూపాలపల్లి జిల్లాలో చేరినది. ఉత్తరపుగట్టు పూర్వపు ఆదిలాబాదు సీమ. ప్రాణహిత కావలిగట్టున మహారాష్ట్రలోని సిరొంచ. అక్కడను ఇంటింట తెలుగే వినబడును.

మా అత్తగారి పుట్టినూరు సిరొంచ చెంతనే. పెండ్లికూతురై ఆమె యీ నీటిమీదనే పడవలో వచ్చినదట. నేడు వంతెన యున్నది; బస్సు క్షణములో దాటించును. అయినను, "వచ్చిన దారినే ఒక్కసారి పోయి చూడవలె" నని యామె కోరిక. మోకాళ్ల నొప్పులు ముదురుచున్నవి. మరుసటి యేడు పడవ యెక్కగలదో లేదో.

రెండవనాడు రేవునకు వచ్చి చూతుము గదా, పడవ యడుగున చీలమండలబంటి నీరు! ముందటి సాయంకాలము రాతికి తగిలి పలకసందు విచ్చినది. పడవ నడుపు తాత దానిని ఇసుకపైకి లాగించి బోర్లించెను.

"నీరు తోడివేయుచు పోరాదా?" యని మేము తొందరపడితిమి.

"బిడ్డా, మీరు ఒక్కపారి ఎక్కుతరు, దిగుతరు. నేను రోజూ ఎక్కుత. గంగతోని తొందర పనికిరాదు. ముందుగాల ఎండనియ్యుండ్రి" అనెను.

ఈ సీమవారు గోదావరిని గంగ యందురు. అత్తగారు మాఱుమాట లేక కొంగు సవరించుకొని గుడివైపు నడచినది. మే మామె వెంట పోయితిమి.

ఆలయమున ఒకే పానవట్టముపై రెండు లింగములు. ఒకటి కాలుడగు యముడు, రెండవది ముక్తీశ్వరుడగు శివుడు. యమునకే ముందు పూజ. ముక్తీశ్వర లింగమునకు రెండు రంధ్రములున్నవి. అందు పోసిన నీరు లోలోపలనే పోయి సంగమమున కలియునని నమ్మిక. శ్రీశైల ద్రాక్షారామములతో గూడి యిది త్రిలింగ క్షేత్రములలో నొకటి. సరస్వతి అంతర్వాహినిగా వచ్చి కలియునందురు గనుక ఇది త్రివేణీ సంగమము. 2025 మే మాసమున సరస్వతీ పుష్కరము లిచ్చటనే జరిగినవి.

మెట్లపై కూర్చుండి చూచితిమి. పైన ఆనకట్టలలో నిలిచి నిలిచి వచ్చిన గోదావరి యిసుకలలో సన్నగిల్లి యున్నది. వార్ధా, వైనగంగల కలయికచే పుట్టిన ప్రాణహితయే నిండుగా వచ్చి కలియుచున్నది. కాటన్ దొర సంకల్పముతో, వార్ధా సీమ ప్రత్తిని పడవలపై సముద్రతీరమునకు దింపుటకై యీ నదీమార్గమున పనులు సాగించి, 1871లో విడిచిపెట్టిరి. దిగువ మేడిగడ్డవద్ద 2019లో ప్రారంభమైన ఆనకట్టకు 2023 అక్టోబరులో కొన్ని స్తంభములు క్రుంగినవి. ఇవన్నియు తలచుకొన్నకొలది మా తొందరకు మాకే సిగ్గు కలిగినది.

రేవునకు మరలి వచ్చుసరికి తాత తారు కాచుచున్నాడు. "మెత్తని నూలుబట్ట ఉన్నదా?" యని యడిగెను. మేము సంచి వెదకుచుండగనే అత్తగారు తన పాత నేతచీర తీసి, అంచువెంట చించి యిచ్చినది.

"పుట్టినింటివారు పెట్టిన చీర గదా, అత్తమ్మా!"

"అందుకే గట్టిగా పట్టును" అనినది.

తాత ఆ పేలికలను తారులో ముంచి, మొద్దు ఉలితో సందున దట్టించి, పైన రేకు పఱచి సన్నమేకులు దిగగొట్టెను. పిల్లలు మేకు లందించిరి. అది చల్లాఱువఱకు ఎవ్వరిని ముట్టనీయలేదు.

ప్రొద్దు వాలుచుండగా బయలుదేరితిమి. సంగమమున పడవ యొక్కసారి ఒఱగెను. పిల్లలు చెంబులు చేతబట్టి సిద్ధముగా కూర్చుండిరి. తాత కన్నులు నీటిపైన, మా కన్నులు అతుకుపైన. అత్తగారు మాత్రము ఆవలిగట్టునే చూచుచుండెను.

గట్టు చేరినపిదప ఆమె దిగి, మోకాలిబంటి నీట నిలిచి, తలపై మూడుసార్లు నీరు చల్లుకొనినది. "ఇసుక అప్పటిదే" అని యంతమాత్రము పలికినది.

తిరుగుదారిలో చీకటిపడెను. చేయి చాచి యతుకును తడవి చూచితిమి. పొడిగానే యుండెను.