హీరో ఎవరో తేలని సినిమా

2009లో వచ్చిన ‘వాచ్‌మెన్’ గురించి ఇద్దరు మనుషులు ఒకే మాట చెప్పగా నేనింతవరకు వినలేదు. "బోరు బాబూ, మూడు గంటలు" అనేవాళ్ళు ఒకవైపు, "పుస్తకం చదివావా? చదవకపోతే మాట్లాడకు" అని మీద పడేవాళ్ళు ఇంకోవైపు. (నిడివి 162 నిమిషాలే. మన సంక్రాంతి సినిమాలు చూసేవాళ్ళకి అదో లెక్కా?) స్పైడర్‌మాన్ లాంటిదనుకుని టికెట్టు కొన్నవాళ్ళు అమెరికాలో కూడా బిత్తరపోయినట్టున్నారు. అక్కడ మొదటి వారాంతంలో సుమారు 5.5 కోట్ల డాలర్లు తెచ్చిన సినిమా, రెండో వారాంతానికి అందులో మూడోవంతుకి పడిపోయింది.

తెలియనివాళ్ళకి క్లుప్తంగా చెప్తాను. అలన్ మూర్ రాయగా డేవ్ గిబ్బన్స్ బొమ్మలేసిన కామిక్ ఇది, 1986-87లో 12 సంచికలుగా వచ్చింది. సినిమా తీసింది జాక్ స్నైడర్. మూర్ తన పేరు వెయ్యొద్దన్నాడు, వెయ్యలేదు. కథ జరిగేది 1985లో, రేపో మాపో అణుయుద్ధం అనే పరిస్థితి. ఓజిమాండియాస్ అనే మాజీ సూపర్‌హీరో లక్షలమందిని చంపి, ఆ నేరం ఇంకోడి మీదకి నెట్టి, ఆ భయంతో అమెరికా రష్యాలని కలుపుతాడు. నిజం తెలిసిన నలుగురు నోరు మూసుకుంటే శాంతి నిలుస్తుంది. రోర్షాక్ మాత్రం మూసుకోనంటాడు, ప్రాణం పోగొట్టుకుంటాడు. (ముగింపు చెప్పేశాను. ఇన్నేళ్ళ తర్వాత ఇంకా దాపరికం ఏమిటి లెండి :) )

నేను దీన్ని నాలుగోసారి చూసింది పోయిన దసరాకి ఇబ్రహీంపట్నంలో, మా ఇంట్లో. మా ఊరంటే ఒకప్పుడు పెద్ద చెరువు పేరు చెప్తే గుర్తుపట్టేవాళ్ళు, ఇప్పుడు "ఆదిభట్ల టిసిఎస్ దగ్గరా?" అంటున్నారు. ఇంజనీరింగ్ చదివే తమ్ముడు, టెస్టింగ్ లీడ్‌గా పనిచేసే బావ, మంచం మీద నాయిన. ఇంగ్లీషు నాయినకి అందదు కాబట్టి పక్కన కూర్చుని నేను తెలుగులో చెప్తున్నాను. రిమోట్ కూడా నా చేతిలోనే పెట్టుకున్నాను, ఎందుకో చూసినవాళ్ళకి తెలుసు.

తమ్ముడికి రోర్షాక్ దేవుడు. ఇందులో వింతేం లేదు, ప్రపంచమంతా అంతే. ఆ పాత్రని తాను ఆదర్శంగా రాయలేదని మూర్ మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఇందులో స్నైడర్ పాపమూ కొంత ఉందని నా అభిప్రాయం. పుస్తకంలో వీళ్ళు వయసు మీదపడి అలిసిపోయిన మనుషులు. సినిమాలో ఎముకలు విరిచినా స్లో మోషన్లో అందంగా విరుస్తారు. మరి కుర్రాళ్ళు ఈల వెయ్యక ఏం చేస్తారు?

బావ ముగింపులో బగ్ పట్టాడు. పుస్తకంలో న్యూయార్క్ మీద పడేది ఓ వింత జంతువు, వేరే లోకం నుంచి వచ్చిందని నమ్ముతారు. సినిమాలో నేరం డాక్టర్ మాన్‌హట్టన్ మీద పడుతుంది. "వాడు అమెరికా ఆయుధమే కదా, రష్యావాళ్ళు అమెరికాని తిట్టకుండా స్నేహం ఎందుకు చేస్తారు?" అన్నాడు. మంచి ప్రశ్న, నా దగ్గర జవాబు లేదు. సరే, రోర్షాక్ సంగతేంటి బావా అంటే, "రిలీజ్ అయిపోయింది, కోట్లమంది వాడుతున్నారు. ఇప్పుడు డిఫెక్టు ఓపెన్ చేసి ఏం సాధిస్తావ్?" అన్నాడు. తమ్ముడు వాదనకి దిగాడు.

నాయిన ఆగిపోయింది మాత్రం వీటి దగ్గర కాదు. వియత్నాంలో కమెడియన్ ఒక గర్భిణిని కాల్చి చంపుతాడు. మాన్‌హట్టన్ అక్కడే నిలబడి ఉంటాడు, తుపాకీని చిటికెలో ఆవిరి చెయ్యగలడు, చెయ్యడు. "గంత శక్తి ఉన్నోడు ఆపకపాయె. గీడేం దేవుడురా?" అన్నాడు. నాయిన చూసిన సూపర్‌మాన్ 1980లో ఎన్టీఆర్ వేసినది, అందులో శక్తులు ఆంజనేయుడి వరం. 2024లో వచ్చిన ‘హను-మాన్’లోనూ ఆంజనేయుడి దయే. మన దగ్గర శక్తి ఇచ్చినవాడు పైన ఒకడుంటాడు, తేడా వస్తే అడుగుతాడు. మాన్‌హట్టన్‌కి ప్రయోగశాలలో ప్రమాదం వల్ల వచ్చింది. అడిగేవాడెవడు? పుస్తకం మీద నేను చదివిన విశ్లేషణల్లో ఈ మాట ఇంత సూటిగా ఎక్కడా తగల్లేదు.

అబద్ధం మంచికైతే చెప్పొచ్చా అని బావా తమ్ముడూ ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. ఆ మాటల్లోనే తమ్ముడు నోరుజారి "నాయినమ్మకి చెప్పకుండా దాచినట్టా?" అనేశాడు.

2011లో నాయినమ్మకి క్యాన్సర్ అని తెలిసినప్పుడు, ఆమెకి చెప్పొద్దని నిర్ణయించింది నాయినే. కడుపులో పుండు అని చెప్పాం. ఏడు నెలలు ఇంటిల్లిపాదీ అదే మాట మీద ఉన్నాం. అప్పట్లో తమ్ముడు చిన్నవాడు, వాడికీ అదే చెప్పాం. ఆ కోపం వాడికింకా ఉందని ఆ రోజే తెలిసింది.

బావ "అది వేరురా" అన్నాడు. ఎలా వేరో చెప్పలేకపోయాడు. నేను సినిమా పాజ్‌లో పెట్టాను.

నాయిన చాలాసేపు టీవీ వైపే చూసి, "అమ్మకు ఎర్కేరా. మనం దాస్తున్నమని గూడ ఎర్కే. నన్నొక్కసారి గూడ అడగలే" అన్నాడు. తర్వాత లేచి గేటు వెయ్యడానికి బయటికెళ్ళాడు.

పుస్తకం ఇప్పుడు తమ్ముడి దగ్గరుంది.