చెప్పినవాళ్లకే శిక్షా?

జూలై, ఆగస్టు నెలల్లో మా యూనివర్సిటీ ఆవరణ చూడవలసిందే. ఊళ్లనుంచి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి హాస్టళ్లలో దింపి వెడుతూంటారు. పరుపుచుట్ట, బకెట్టు, ఆవకాయ సీసా, పెట్టెకు కొత్త తాళంకప్ప - ఒక్కటీ మరచిపోరు. బయలుదేరేముందు చెట్టుకింద నిలబడి నాలుగు హితవులు చెబుతారు. వేళకు తిను, రోజూ ఫోను చెయ్యి, చదువుమీద దృష్టి పెట్టు, మన పరువు నీ చేతిలో ఉంది. మొదటి మూడూ బాగానే ఉన్నవి. ఆ నాలుగోదాన్ని గురించే నా బెంగ అంతా.

నేను తెలుగు లెక్చరర్ని. పద్దెనిమిదేళ్లుగా సంధులూ సమాసాలూ చెప్పుకుంటున్నదాన్ని. తెలుగు ఎమ్మే చదివితే ఏమొస్తుందని మా బంధువుల్లో అడగనివారు లేరు. వచ్చిన లాభం ఒకటి ఉన్నది లెండి. పిల్లలు ఎవరిమీదనైనా ఫిర్యాదు రాయవలసి వస్తే, రాతకోతల సంగతి గదా అని నా గదికి వస్తారు.

రెండేళ్ల క్రితం కార్తీక మాసంలో ఒకమ్మాయి అలాగే వచ్చింది. పేరూ ఊరూ చెప్పను. లైబ్రరీ నుంచి ఆడపిల్లల హాస్టలుకు వెళ్లే దారిలో మూడు దీపాలు వెలగడం లేదు. ఆ చీకట్లో ఎవరో మోటారు సైకిలుమీద వెంటపడుతున్నాడు. కాగితం నా చేతికిచ్చింది. "ఒక దుర్మార్గుడు నన్ను నానావిధముల వేధించుచున్నాడు" అని ఉంది.

"అమ్మాయీ, విశేషణాలు పద్యానికి అందం గాని ఫిర్యాదుకు కాదు. ఏ తారీఖున? ఎన్ని గంటలకు? ఎక్కడ? అతగాడు అన్న మాట ఏమిటి? బండి నంబరు చూశావా? పక్కన ఎవరున్నారు?" అన్నాను.

మళ్లీ రాసింది. ఎనిమిది వాక్యాలు. మూడు తారీఖులు, వేళ, చోటు, బండి నంబరులో చివరి నాలుగు అంకెలు, అతడన్న మాట అన్నట్టుగానే, తోడున్న స్నేహితురాలి పేరు. చివర సంతకం పెట్టబోయి కలం ఆపేసింది.

"నాన్నగారికి తెలుస్తుందా, మేడమ్?"

"తెలిస్తే ఏమిటమ్మా?"

"చదువు మాన్పించి తీసుకుపోతారు."

చూశారా! ఆ పిల్లకు చీకటంటే ఉన్న భయంకన్న, బండివాడంటే ఉన్న భయంకన్న, కన్నతండ్రికి తెలుస్తుందన్న భయం ఎక్కువ. బండివాడి ధైర్యం కూడా అదే. ఆడపిల్ల నోరు విప్పితే ముందు ఆమె చదువే ఆగిపోతుందని అతడికి ఎవరూ నేర్పనక్కరలేదు.

చాలాసేపటికి సంతకం పెట్టింది. అర్జీ ఇచ్చి ఊరుకోవద్దనీ, నకలుమీద తారీఖుతో ముద్ర వేయించుకోమనీ చెప్పాను. ముద్ర లేని అర్జీ ఆఫీసుల్లో గాలికి ఎగిరిపోతుంది. వారం తిరక్కుండా మరి నలుగురమ్మాయిలు అవే నాలుగంకెలు పట్టుకుని వచ్చారు! ప్రతివారూ తమ ఒక్కరికే ఈ పీడ అనుకున్నారట. ఐదుగురూ కలిసి పోలీసు స్టేషనుకు వెళ్లారు. తోడు నేనూ వెళ్లాను. మనిషి దొరికాడు. మా విద్యార్థి కాడు, బయటివాడు.

ఇంతకూ మా ఆఫీసు చేసిన మొదటి పని వినండి. ఆడపిల్లలందరూ ఎనిమిదింటికి బదులు ఆరున్నరకే హాస్టలు చేరాలని నోటీసు అంటించారు! ఇంట్లో దొంగ పడ్డాడని ఇంటివాళ్లను గదిలో పెట్టి గొళ్లెం వేసినట్టుంది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్‌వారు 2015లో చేసిన నిబంధనల్లో, భద్రత పేరు చెప్పి మగపిల్లల హాస్టళ్లకు లేని ఆంక్షలు ఆడపిల్లల హాస్టళ్లకు పెట్టరాదని స్పష్టంగా ఉన్నది. ఆవరణలో తగినన్ని దీపాలుండాలనీ ఉన్నది. ఆ ప్రతి తీసుకుని మేము నలుగురం వెళ్లాం. నోటీసు దిగింది. దీపాలు వెలిగినవి.

తండ్రిగారు రానే వచ్చారు. మర్యాదస్తుడు. "ఇంటికి తీసుకుపోతాను మేడమ్, ఈ తలనొప్పులు మాకెందుకు?" అన్నారు. నేను జవాబు వెతుక్కునేలోగా వెంట వచ్చిన తల్లి నెమ్మదిగా అంది: "అది చెప్పబట్టి మనకు తెలిసింది. ఇప్పుడు తీసుకుపోతే ఇంకెప్పుడైనా మనతో ఏదైనా చెబుతుందా?" ఆయన ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం బస్సుకు ఇద్దరే వెళ్లారు.

మగపిల్లల సంగతి వేరనుకోకండి. ర్యాగింగు పాలబడి రాత్రంతా నిలబడిన కుర్రవాడు, తెల్లవారి ఇంటికి ఫోను చేసి "బాగానే ఉన్నానమ్మా" అంటాడు. మగవాడివై ఉండి ఏడుస్తావా అంటారని అతడికి భయం. ర్యాగింగు నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. 2009లో గ్రాంట్స్ కమిషన్‌వారి నిబంధనలూ వచ్చినవి. 1800-180-5522 అనే నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోను చేయవచ్చును. ఎన్ని చట్టాలున్నా, నోరు విప్పే పిల్లవాడు లేకపోతే అవి బీరువాలో కాగితాలే.

కనుక ఇంట్లో అందరూ తెలుసుకోదగిన సంగతులు కొన్ని రాస్తున్నాను. ఆపద ఎదురుగా ఉన్నప్పుడు 112. పోలీసు స్టేషనుకు వెళ్లడానికి ప్రిన్సిపాలు అనుమతి అక్కరలేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, విచారించదగిన నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషనులో చెప్పినా రాసుకోవలసిందే. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. నకలు ఉచితంగా ఇవ్వాలి. ఇంటర్నెట్ ద్వారా పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. "మా పరిధి కాదు" అనే మాట ఎంత చేటో మనం మరచిపోరాదు. 2019 నవంబరులో శంషాబాదు దగ్గర జరిగిన ఘోరంలో, కేసు రాసుకోవడంలో ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు.

లైంగిక వేధింపులైతే ప్రతి కాలేజీలోనూ ఫిర్యాదుల కమిటీ ఉండాలి. జరిగిన మూడు నెలల్లో రాసి ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఆ గడువు పెంచవచ్చును. విచారణ 90 రోజుల్లో ముగియాలి, పేర్లు బయటికి పొక్కరాదు. కమిటీకి చెప్పినంత మాత్రాన పోలీసులకు చెప్పుకునే హక్కు పోదు.

ఇక ఫోను పోవడం. హాస్టలు అన్న తరువాత అది నిత్యకృత్యం. ఫోనులో *#06# అని నొక్కితే 15 అంకెల నంబరు కనిపిస్తుంది. పిల్లలు బయలుదేరే రోజునే దాన్ని ఇంట్లో పద్దుల పుస్తకంలో రాసి ఉంచండి. ఫోను పోతే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఆ నంబరుతో సంచార్ సాథీలో దాన్ని పనిచేయకుండా ఆపించవచ్చును. ఎవరైనా మోసం చేసి ఖాతాలో డబ్బు లాగితే వెంటనే 1930కి చెప్పాలి. ఆలస్యమయిన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఇవన్నీ రాసి పెట్టుకోవడం సులభం. కష్టమైనది వేరొకటి ఉన్నది. పిల్లలు ఏదైనా చెప్పినప్పుడు మన ముఖంలో మొదట ఏమి కనిపిస్తుందన్నది. "నువ్వెందుకు వెళ్లావు ఆ వేళప్పుడు?" అన్నామా, ఆ పిల్ల జన్మలో మళ్లీ చెప్పదు. "ఎప్పుడు జరిగింది తల్లీ? ముందు కూర్చో" అన్నామా, సగం బరువు అక్కడే దిగిపోతుంది.

పరువు మాట నేను కాదనను. మధ్యతరగతి సంసారాలకు అది తప్ప ఆస్తి ఏమున్నది గనుక? అయితే తప్పు చేసినవాడి పరువు వాడు చూసుకోవాలి గాని, దాన్ని కాపాడే భారం మన పిల్లల నెత్తిన పెట్టడం ఏం న్యాయం? ఈ ఏడు పిల్లల్ని హాస్టల్లో దింపి వచ్చేటప్పుడు ఆ నాలుగో హితవు మార్చి చెప్పి చూడండి: "ఏం జరిగినా మాతో చెప్పు. చెప్పినందుకు నీ చదువు మాన్పించం." ఆ మాట ఒకటికి రెండుసార్లు చెప్పండి. మొదటిసారి వాళ్లు నమ్మరు.