మల్లంపాటి పరీక్షకు వీలులేని వేళ

1985లో కెనడా మత్తువైద్యుల సంఘ పత్రికలో ఆరు పేజీల వ్యాసం ఒకటి వెలువడింది. ప్రధాన రచయిత మల్లంపాటి శేషగిరిరావు గారు, గుంటూరు సీమ నుంచి బోస్టన్ చేరిన మత్తువైద్యులు. 210 మంది రోగులను కూర్చోబెట్టి, నోరు తెరిపించి, నాలుక చాపించి, కొండనాలుక, దాని ఇరుపక్కల కమానులు ఎంతమేర కనబడుతున్నవో చూశారు. నాలుక మొదలు వాటిని కప్పివేసినవారికి శ్వాసనాళంలో గొట్టం వేయడం కష్టమని తేల్చారు. సామెతలో నవ్వులపాలైన కొండనాలుకకు వైద్యంలో దక్కిన గౌరవమిది. ఒక తెలుగు ఇంటిపేరు దేశదేశాల ఆపరేషన్ థియేటర్లలో వినిపించడానికి ఆ ఆరు పేజీలు చాలాయి.

రెండేళ్ల తరువాత సామ్‌సూన్, యంగ్ అనే వైద్యులు ఆయన మూడు తరగతులకు నాలుగవది చేర్చారు. గొట్టం వేయలేకపోవడం సాధారణ శస్త్రచికిత్సలలో 2,230 మందికి ఒకరిలో జరిగితే, ప్రసూతి విభాగంలో 280 మందికి ఒకరిలో జరిగిందని వారి లెక్క. గర్భిణి గొంతులోని పొరలు వాచి ఉంటాయి, తాకితే నెత్తురు చిమ్ముతాయి. పెరిగిన గర్భం ఊపిరితిత్తులను పైకి నెడుతుంది; ప్రాణవాయువు నిల్వ తక్కువ, ఖర్చు ఎక్కువ. కడుపులోని ఆహారం ఊపిరితిత్తులలోకి జారే భయం ఉండనే ఉంది. నెలలు నిండేకొద్దీ అదే స్త్రీ మల్లంపాటి తరగతి కూడా మారవచ్చు.

ఓక్‌విల్ ఊరు క్యూఈడబ్ల్యూ రహదారిని ఆనుకొని ఉంది. అటు టొరంటో, ఇటు హామిల్టన్. పెద్ద ట్రామా కేంద్రాలు ఆ నగరాలలోనే. ఆ రహదారిపై కారు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన ఎనిమిదో నెల గర్భిణి ముందుగా ఊరి ఆసుపత్రికే చేరిందంటే, ఆమె మెడకు పట్టీ ఉంటుంది, స్పృహ సగమే ఉంటుంది. కూర్చోమనలేరు, నాలుక చాపమనలేరు. ఆ ఆరు పేజీలు అక్కడ పనికిరావు.

కనుక చూడకుండానే కష్టమని నమ్మి సిద్ధపడాలి. మత్తుకు ముందే నిండుగా ఆక్సిజన్ పట్టాలి. గర్భాన్ని చేతితో ఎడమకు నెట్టి ఉంచాలి, లేకుంటే అది పెద్ద సిరను నొక్కి గుండెకు రక్తం చేరనివ్వదు. పట్టీ ముందుభాగం విప్పి, ఒకరు మెడను కదలకుండా పట్టుకోవాలి. ఏడు మిల్లీమీటర్లదో అంతకన్నా సన్ననిదో గొట్టం, వీడియో లారింగోస్కోపు, అందరిలో అనుభవమున్న చేయి మొదటి ప్రయత్నానికే కావాలి. మెడ ముందరి మృదులాస్థిని నొక్కి పట్టే సెల్లిక్ పద్ధతి 1961 నాటిది. దానిపై వాదం నేటికీ తెగలేదు. చూపుకు అడ్డమైతే వదిలేయడమే మేలు. రెండు ప్రయత్నాలు విఫలమైతే, మూడవది మరింత అనుభవజ్ఞులకే అన్నవి 2015 నాటి బ్రిటిష్ ప్రసూతి మార్గదర్శకాలు. ఏ విధంగానూ ఊపిరి అందకపోతే గొంతు ముందుభాగం కోసి దారి చేయవలసిందే.

మందులు బిడ్డకు హాని చేస్తాయేమోనన్న జంకు ఇక్కడ అసలు ప్రమాదం. తల్లికి అందని ఊపిరి బిడ్డకూ అందదు. పెద్ద కేంద్రానికి పంపవలసి వస్తే, గొట్టం కావాలా అన్న ప్రశ్న అంబులెన్సు తలుపు మూయకముందే తేలాలి. కదిలే బండిలో ఆ మెడను పట్టుకోవడానికి, గర్భాన్ని నెట్టడానికి, గొట్టం వేయడానికి సరిపడా చేతులు ఉండవు.